పచ్చచుక్క వెలుగుతోంది, మనిషి లేడు

వార్షికోత్సవ సంచికకు మీ ప్రాజెక్టు గురించి రాసివ్వండని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏటా ఈ సంచికలో కవితలు వస్తాయి, అమ్మ మీద వ్యాసాలు వస్తాయి, డాక్టర్ అంబేడ్కర్ గారి జీవితం వస్తుంది, చివరి పేజీల్లో జోకులు వస్తాయి. మధ్యలో కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి రాస్తే ఎవరు చదువుతారు? "మన వంటాయన కూడా చదివేలా రాయండి" అన్నారు సార్. మన వంటాయన చదువరి. ఆదివారం అనుబంధం హాస్టల్‌కు రాగానే ముందు ఆయన చేతిలోనే పడుతుంది. కాబట్టి ఆయన్ను మనసులో పెట్టుకునే ఇది రాస్తున్నాం.

మేము ముగ్గురం ఎంసీఏ విద్యార్థులం. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా మొదట తెచ్చింది మేమే. రాసే చెయ్యి ఒకటే అయినా ‘మేము’ అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. హాస్టల్లో ఆరో తరగతి నుంచి పెరిగినవాళ్ళకు ‘నేను’ అనడం అంత తొందరగా అలవాటు కాదు. బకెట్టు అందరిది, ఇస్త్రీపెట్టె అందరిది, చార్జర్ ఎవరిదో ఎవరికీ తెలియదు, చివరికి తిట్లు కూడా రూముకంతటికీ కలిపే పడతాయి.

మా ప్రాజెక్టు పేరు చెబితే పెద్దగా వినిపిస్తుంది. సందర్భాన్ని గ్రహించి, మనిషి నిజంగా అందుబాటులో ఉన్నాడో లేడో చెప్పే మెసేజింగ్ యాప్. దాని వెనకున్న సంగతి మాత్రం చిన్నది, మా ఇంటిది.

మాది కర్నూలు జిల్లాలో కోసిగి వైపు. ఆ వైపు తమ్ముళ్ళకు సుగ్గి అంటే చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం చెప్పాలి. మా ఊళ్ళల్లో వానలు తక్కువ, ఒక కారు పంట మీదే బతుకు. ఆ పంట ఇంటికి వచ్చినా రాకపోయినా, తర్వాత ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. చేలగట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. ముసలివాళ్ళు ఊళ్ళో ఉంటారు, చదువుకునే పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు. హాస్టలే లేకపోతే మేము కూడా ఆ చేలల్లోనే ఉండేవాళ్ళం. మాకంటే నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క ఏడో తరగతితో బడి మానేసి సుగ్గికి పోయింది. ఆమె పోయింది కనుకనే మేము ఉండగలిగాం.

2025 ఫిబ్రవరిలో ఒకరోజు మా మూడో సెమిస్టర్ ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ముగ్గురిలో ఇద్దరం మొదటి బ్యాచ్‌లో పరీక్షకు పోయాం. మూడోవాడు రెండో బ్యాచ్ కావడంతో పై అంతస్తులో ప్రాజెక్టు ల్యాబులో కూర్చున్నాడు. అప్పటికి మా ప్రాజెక్టు వేరే. మెస్ బిల్లులు లెక్కగట్టే ప్రోగ్రామ్. దాని ఫోటోలు ఫోన్‌లోంచి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి, మాలో ఒకరి మెసేజింగ్ ఖాతా ల్యాబు కంప్యూటర్‌లో తెరిచి పెట్టాం. పొద్దున అక్క ఏదో అడిగితే అందులోనే జవాబిచ్చాం కాబట్టి, అక్కతో మాట్లాడిన పేజీయే తెర మీద ఉండిపోయింది. పరీక్ష హాలు బయట అట్టపెట్టెలో ఫోన్లు వేసి లోపలికి వెళ్ళాం.

పదకొండు గంటల వేళ మా అమ్మ మిరపచేన్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ముగ్గురిలో ఎవరి అమ్మ అని అడగకండి. ముగ్గురి అమ్మలూ ఆ చేలల్లోనే ఉన్నారు.

అక్క ఏడుసార్లు ఫోన్ చేసింది. అట్టపెట్టెలో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తర్వాత మెసేజ్ పెట్టింది. "అమ్మ చేన్లో పడిపోయింది. ఆస్పత్రికి తీసుకపోతాండం. ఫోన్ చెయ్." వెంటనే ఆమె ఫోన్‌లో మా పేరు కింద ఆన్‌లైన్ అని వచ్చింది. మెసేజ్ చదివినట్టు గుర్తు కూడా పడింది. ఇంకొకటి పెట్టింది. అదీ చదివినట్టే వచ్చింది. నాలుగు పెట్టింది. నాలుగూ చదివినట్టే వచ్చాయి. జవాబు మాత్రం లేదు.

ల్యాబులో ఉన్నవాడు తన పని చేసుకుంటూ మధ్యమధ్య ఆ కిటికీని ముందుకు తెచ్చి ఫోటోలు తీసుకుంటున్నాడు. అది ముందుకొచ్చినప్పుడల్లా, ఎదురుగా మనిషి కూర్చుని చదువుతున్నాడని యంత్రం లెక్కవేసుకుంది. మెసేజ్‌లు వస్తున్నాయని వాడికి తెలుసు. కాని ఒకరి ఇంటి కబుర్లు ఇంకొకరు చదవకూడదని చూపు పక్కకు తిప్పుకున్నాడట. వాడు ఆ మాట చెప్పి ఏడ్చినప్పుడు ఏమనాలో మాకు తెలియలేదు. మర్యాద తెలిసినవాడు కావడం వల్లే ఇంత జరిగింది.

రెండు గంటలకు బయటికొచ్చి ఫోన్ చేసేసరికి అమ్మకు సెలైన్ ఎక్కించి పడుకోబెట్టారు. ఒంట్లో రక్తం తక్కువుందట, పొద్దున ఏమీ తినకుండా చేనికి పోయిందట. రెండు రోజులకు లేచి తిరిగింది. అక్క మాత్రం ఫోన్లో ఒక్క మాటే అంది. "సదివినట్టు వచ్చె గదరా. సదివి గూడా సెయ్యలేదంటే ఇంగేమనుకోవాల? పెద్ద సదువులు సదివితే ఇట్లే ఉంటాదేమోలే."

ఆ తర్వాత నెల పైనే మాతో మాట్లాడలేదు. జరిగింది వివరంగా చెప్పబోయాం. ల్యాబు, కంప్యూటరు, కిటికీ అని మేము చెబుతుంటే సాకుల్లాగానే వినిపించాయి. ఆమెకేం కనిపించిందో అదే ఆమెకు నిజం. మెస్ బిల్లుల ప్రాజెక్టు పక్కన పెట్టేసి నాలుగో సెమిస్టర్‌కు ఇది మొదలుపెట్టాం. మా గైడ్ గారు ఒప్పుకున్నారు.

ముందు పుస్తకాలు, పరిశోధన పత్రాలు చదివాం. చదివినకొద్దీ ఇది పాత సమస్యే అని తెలిసింది. 1996లో ఇజ్రాయెల్ యువకులు ఐసీక్యూ అనే ప్రోగ్రామ్ తెచ్చారు. అందులోనే ‘దూరంగా ఉన్నాను’, ‘కదిలించవద్దు’, ‘కబుర్లకు ఖాళీ’ వంటి గుర్తులు ఉండేవి. మన అన్నలు ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి వాడిన యాహూ మెసెంజర్‌లోనూ ఇలాంటివి ఉండేవి. అది 2018 జూలైలో మూతపడింది, ఐసీక్యూ 2024 జూన్‌లో మూతపడింది. అవి బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటర్ల కాలపువి. మీట నొక్కకుండా కొంతసేపు గడిస్తే మనిషి లేచిపోయాడని లెక్క. ఆ లెక్క చాలావరకు సరిపోయేది. ఫోన్ జేబులోకి వచ్చాక చిక్కు మొదలైంది.

వాట్సాప్ సంగతి మాకు ఆశ్చర్యం కలిగించింది. 2009లో జాన్ కౌమ్ దాన్ని మొదలుపెట్టినప్పుడు అది మెసేజ్‌లు పంపుకునే యాప్ కాదు. ఫోన్‌బుక్‌లో ఒక్కొక్కరి పేరు పక్కన ‘జిమ్‌లో ఉన్నాను’, ‘బ్యాటరీ అయిపోవచ్చింది’ అని కనిపించాలి, అంతే ఆలోచన. ఫోన్ చేసే ముందు అవతలివాడి పరిస్థితి తెలియాలని. ఆ స్టేటస్ మార్చినప్పుడల్లా స్నేహితుల ఫోన్లకు కబురు చేరే వీలు అదే ఏడాది ఐఫోన్‌లో రావడంతో, జనం దాన్నే ఉత్తరాల్లాగా వాడుకోవడం మొదలుపెట్టారు. అలా అది మెసేజింగ్ యాప్ అయింది. మొదటి ఆలోచన మూలన పడింది.

ఆ జాన్ కౌమ్ ఉక్రెయిన్ నుంచి పదహారేళ్ళ వయసులో తల్లితో అమెరికా వచ్చి, అక్కడి ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార కూపన్ల మీద బతికినవాడు. 2014లో కంపెనీని ఫేస్‌బుక్‌కు అమ్మినప్పుడు, తాను ఒకప్పుడు ఆ కూపన్ల కోసం వరుసలో నిలబడిన సంక్షేమ కార్యాలయం భవనం తలుపు దగ్గర నిలబడి ఆ కాగితాల మీద సంతకం పెట్టాడట. సంక్షేమం అన్న మాట మన గేటు మీద కూడా ఉంది కదా, అందుకని ఈ సంగతి ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాం.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లండులో కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి పరిశోధనశాల ఉంది. రాయ్ వాంట్, ఆండీ హాపర్ తదితరులు అక్కడి ఉద్యోగుల చొక్కాలకు చిన్న బ్యాడ్జీలు తగిలించారు. ఒక్కో బ్యాడ్జీ 15 సెకన్లకొకసారి కంటికి కనబడని పరారుణ సంకేతం పంపుతుంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో రిసెప్షన్‌లో కూర్చున్నామెకు తెలుస్తుంది, వచ్చిన ఫోన్‌ను ఆ గదికే కలుపుతుంది. దీని మీద వాళ్ళ పత్రం 1992లో వచ్చింది. మా పుట్టుకకు పదేళ్ళ ముందు.

మన ఊళ్ళల్లో ఈ పని బ్యాడ్జీలు లేకుండానే జరుగుతుంది. తలుపు బార్లా తెరిచి ఉంటే రావచ్చునని. దగ్గరగా వేసి ఉంటే మనిషి ఉన్నా పలకరించి ఆగాలని. గొళ్ళెం పెట్టి చెప్పులు లేకపోతే చేనికి పోయారని. పక్కింటి అత్త గోడవతల నుంచి "సుశీలా, ఉండావా?" అని కేక వేస్తుంది. ఉండీ పలకకపోతే ఆమె కోపం తెచ్చుకోదు, పనిలో ఉందేమో అనుకుని పోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. బోనీ నార్డీ, స్టీవ్ విటేకర్, ఎరిన్ బ్రాడ్నర్ అనే ముగ్గురు 2000లో రాసిన పత్రంలో సరిగ్గా దీన్నే చెప్పారు. ఆనాటి ఆఫీసు చాటింగ్ హాయిగా ఉండటానికి ఒక కారణం, జవాబివ్వనివాడు నిజంగా సీటులో లేడేమో అని అవతలివాళ్ళు అనుకునే వీలుండటమేనట. చదివిన గుర్తు వచ్చాక ఆ వీలు పోయింది. మా అక్క విషయంలో జరిగింది అంతకంటే అన్యాయం. మేము నిజంగానే లేము, అయినా ఉన్నామని సాక్ష్యం పుట్టింది.

ఇక మా ప్రయత్నాలు. మొదటిసారి మేము ఫోన్‌ను బాగా నమ్మాం. ఫోన్‌లో కదలికను పట్టే సెన్సార్ ఉంటుంది, వెలుతురును పట్టేది ఉంటుంది, చార్జింగ్‌లో ఉందో లేదో తెలుస్తుంది, మోగకుండా పెట్టారో తెలుస్తుంది. ఇవన్నీ కలిపి ‘ఖాళీ’, ‘పనిలో ఉన్నారు’, ‘నిద్ర’ అని యాప్ చెప్పాలి. ఫోన్ నిలకడగా ఉండి, చార్జింగ్‌లో ఉండి, పగటిపూట అయితే మనిషి గదిలో ఖాళీగా ఉన్నట్టు లెక్క రాశాం. మన జూనియర్లు 14 మంది ఫోన్లలో వేశాం. మొదటి రోజు సాయంత్రం చూస్తే పదకొండుమంది ఖాళీ. ఒక్కరు కూడా ఫోన్ ఎత్తలేదు. పోయి చూస్తే రూములో ఉన్న ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు చుట్టూ ఫోన్లు కుప్పగా పడున్నాయి, మనుషులు గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడుతున్నారు. ఫోన్ పక్కనే బల్ల, బల్ల పక్కనే కుర్చీ, కుర్చీలో ఒక్కడే మనిషి ఉండే దేశాల లెక్కను తెచ్చి మన రూములో పెట్టాం.

అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ హడ్సన్, జేమ్స్ ఫోగర్టీ తదితరులు 2003లో ఒక పరిశోధన చేశారు. నలుగురి ఆఫీసు గదుల్లో 600 గంటలకు పైగా రికార్డు చేసి, మధ్యమధ్య "ఇప్పుడు మిమ్మల్ని కదిలించవచ్చా?" అని వాళ్ళనే అడిగారు. ఏ సెన్సార్ ఎక్కువ ఉపయోగపడుతుందో చూస్తే, గదిలో ఎవరైనా మాట్లాడుతున్నారా లేదా అన్నదే అన్నిటికంటే ముందు నిలిచింది. ఇదేదో బాగుందని మైకు పెట్టి చూశాం. మన రూముల్లో ఎవరో ఒకరు మాట్లాడని నిమిషం ఉందా? మా యాప్ లెక్క ప్రకారం ఈ హాస్టల్లో ఏ ఒక్కడూ రాత్రి పన్నెండు దాకా ఖాళీగా లేడు. పైగా ఒక తమ్ముడు, "అన్నా, మైకు ఎందుకు ఇంటాది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు లేదు. ఆ రాత్రే మైకు తీసేశాం.

రెండోసారి టైంటేబుల్‌ను నమ్మాం. క్లాసు వేళ, స్టడీ అవర్, మెస్ వేళ. ఇది కొంత నయం. అప్పుడే వార్డెన్ సార్ వచ్చి చూసి, "స్టడీ అవర్‌లో ఎవరు ఎక్కడున్నారో నాకు కూడా కనబడుతుందా?" అని అడిగారు. సార్ ఇది చదివి నవ్వుకుంటారన్న ధైర్యంతోనే రాస్తున్నాం. ఆయన అడిగింది మంచికే. రెండువందల మంది పిల్లల బాధ్యత ఆయన మీద ఉంది. కాని ఆ మాట గంటలో రూములన్నీ తిరిగింది. తెల్లారేసరికి 14 మందిలో తొమ్మిదిమంది యాప్ తీసేశారు. కేంబ్రిడ్జి బ్యాడ్జీ ఇష్టం లేకపోతే తీసి పక్కన పెట్టొచ్చు. ఫోన్‌ను అలా పెట్టలేక యాప్‌నే తీసేశారు.

ఆ రోజు మా ముగ్గురికీ పెద్ద వాదన జరిగింది. ఒకడు, నిజమైన అందుబాటు చూపించడమే మన ప్రాజెక్టు, అబద్ధం ఆడే వీలిస్తే ఇక దేనికి అన్నాడు. ఇంకొకడు, మా నాయన తాగి ఫోన్ చేసినప్పుడు నేను ‘పరీక్షలో ఉన్నాను’ అని చెప్పుకోలేకపోతే ఈ యాప్ నాకే వద్దు అన్నాడు. దాని తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పటి నుంచి మా పద్ధతి మారింది. యంత్రం తనంతట తాను ఎవరికీ ఏమీ చెప్పదు. తనకు తోచింది ముందు ఫోన్ యజమానికే చెబుతుంది. "టైంటేబుల్ ప్రకారం పది నుంచి మీకు పరీక్ష. ఇంటివాళ్ళకు చెప్పమంటారా?" అని అడుగుతుంది. సరే అంటేనే చెబుతుంది, అదీ మనం ఎంచుకున్నవాళ్ళకే. ఎక్కడ ఉన్నామన్నది ఎవరికీ చెప్పదు, మళ్ళీ ఎప్పుడు దొరుకుతామన్నది చెబుతుంది. చదివిన గుర్తు దానంతటది పడదు. మెసేజ్ ఫోన్‌కు చేరితే ‘చేరింది’ అని మాత్రమే ఉంటుంది. ‘చూశాను’ అన్నది మనిషి వేలితో నొక్కితేనే వస్తుంది. ఆపిల్ ఫోన్లలో 2021 నుంచి ఇలాంటిదే ఒకటి ఉంది. అవతలివాళ్ళు ఫోన్ మోగకుండా పెట్టుకున్నారని మెసేజ్ పంపేవారికి చెప్పి, ‘అయినా సరే తెలియజేయి’ అనే మీట ఇస్తుంది. ఆ మీట మాకు నచ్చి, ‘అర్జెంటు’ అని పేరు పెట్టి తీసుకున్నాం. మొదటి వారం అందరూ క్రికెట్ స్కోర్లకు అర్జెంటు నొక్కారు. వారానికి రెండే అని కట్టడి చేశాక నిదానించారు.

తీసేసిన తొమ్మిదిమందిలో ఆరుగురు మళ్ళీ వేసుకున్నారు. ముగ్గురు వేసుకోలేదు. వాళ్ళను బలవంతపెట్టలేదు.

ఇదంతా బాగానే ఉంది గాని, అమ్మ సంగతి? అమ్మది మీటల ఫోన్. అందులో యాప్ లేదు, ఆన్‌లైన్ లేదు. మార్చి రెండో వారంలో రైలెక్కి చేనికే పోయాం. అక్కడ చూసింది ఏ పత్రంలోనూ లేదు. ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గుడ్డసంచిలో వేసి, నడుముకు దోపుకుని ఉంది. అది మోగింది. అమ్మ చూసుకుని ఊరకుంది. ఎందుకు ఎత్తలేదంటే చేతులు చూపించింది. పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన చేతులు. వాటితో ఫోన్ ముట్టుకుని చెవికి పెట్టుకుంటే చెవీ దవడా మంట. ఘాటు నీళ్ళతో పోదు, నూనెతోనో మజ్జిగతోనో రుద్దుకోవాలి. ఇన్నాళ్ళూ పగటిపూట ఫోన్ చేస్తే ఎత్తదేమిటని విసుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఒకటి రెండుసార్లు ఎత్తిన రోజులు కూడా గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఎత్తి, "తిన్నావా నాయనా" అని అడిగి పెట్టేసేది.

ఇంకొకటి, ఆ ఫోన్ ఒక్కరిది కాదు. పగలు అమ్మ దగ్గర, రాత్రి నాయన దగ్గర, చార్జింగ్‌కు మేస్త్రీ గుడిసెలో. ఒక నంబరుకు ఒక మనిషి అన్న లెక్క ఇక్కడ చెల్లదు. కాబట్టి మా యాప్‌లో నంబరు కింద వేళలు రాసుకునే పట్టిక పెట్టాం. ఏ వేళకు చేస్తే ఎవరు ఎత్తారో మన ఫోన్‌లోని పాత కాల్స్ చూసి అది తానే నేర్చుకుంటుంది. "ఈ నంబరుకు ఇప్పుడు చేస్తే ఎత్తకపోవచ్చు, రాత్రి ఏడున్నర తర్వాత అమ్మ దొరకవచ్చు" అని చెబుతుంది. దీన్ని ప్లే స్టోర్‌లో పెట్టడం కష్టం. కాల్స్ జాబితా చదివే యాప్‌ల మీద 2019 నుంచి గూగుల్ గట్టి ఆంక్షలు పెట్టింది. ఆ ఆంక్ష మంచిదే అనుకుంటాం. మేము ఫోన్‌ఫోన్‌కూ చేత్తోనే వేశాం.

అమ్మ వైపు నుంచి కబురు రావడానికి కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర లేకపోయింది. మిస్డ్ కాల్ ఉంది కదా. మన ఇళ్ళల్లో దానికి ఎప్పటి నుంచో ఒక భాష ఉంది. ఒకటి ఇస్తే క్షేమం. వెంటవెంటనే రెండిస్తే వీలున్నప్పుడు చెయ్యి. మూడిస్తే ఉన్నపళంగా చెయ్యి. మేము చేసిందల్లా ప్రోగ్రామ్‌కు ఆ భాష నేర్పడమే. మూడు వచ్చినప్పుడు మన ఫోన్ పరీక్ష హాలు పెట్టెలో ఉన్నట్టు దానికి తెలిస్తే, మనం ముందే రాసిచ్చిన ఇద్దరు స్నేహితులకు, హాస్టల్ ఆఫీసు నంబరుకు ఎస్సెమ్మెస్ పోతుంది. ఫోన్ చేసినవాళ్ళకు "పరీక్షలో ఉన్నాడు, రెండు గంటలకు వస్తాడు" అని మన గొంతుతో వినిపించాలని కూడా చాలా ప్రయత్నించాం. మామూలు యాప్‌లు కాల్ మధ్యలోకి గొంతు పంపడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. చదవడం రాని మా అమ్మకు అదే అన్నిటికంటే అవసరమైనది, అదే కుదరలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు డేటాబేస్ మీద నాలుగు ప్రశ్నలు అడిగి, చివరకు "బ్యాటరీ ఎంత తింటుంది?" అన్నారు. అది అడగాల్సిన ప్రశ్నే. 2015లో ఆండ్రాయిడ్ ఆరో రూపం నుంచి, ఫోన్ కదలకుండా తెర ఆరి ఉంటే లోపలి యాప్‌లను అది నిద్రపుచ్చుతుంది. దాన్ని బలవంతంగా లేపుతూ ఉంటే బ్యాటరీ పోతుంది, లేపకపోతే మన కబురు పాతబడుతుంది. మేము లేపడం మానేసి, ప్రతి గుర్తు పక్కనా అది ఎంతసేపటి కిందటిదో రాశాం. ‘40 నిమిషాల కిందటి మాట’ అని. పాత కబురును తాజా కబురులా చూపించకపోతే చాలుననుకున్నాం. "సగం జవాబే ఇది" అన్నారాయన. ఒప్పుకున్నాం. మార్కులు మాత్రం బాగానే వేశారు.

అక్క సంగతి చెప్పలేదు కదా. చేనికి పోయినరోజు ఆమె మా ముందు కోతకోస్తూనే ఉంది, తలెత్తలేదు. సాయంత్రం గుడిసె దగ్గర ఆమె ఫోన్‌లో యాప్ వేసి, ల్యాబులో ఆ రోజు ఏం జరిగిందో మాటలతో కాక చేసి చూపించాం. మాలో ఒకడు చెట్టు వెనక్కి పోయాడు, ఒకడు వాడి ఖాతాను ఇంకో ఫోన్‌లో తెరిచాడు. ఆమెతో మెసేజ్ పెట్టించాం. చదివినట్టు గుర్తు పడింది. "వాడు ఆడ ఉండాడు, ఇది ఈడ సదివింది" అని ఆమే అంది. కాసేపు ఆ ఫోన్‌నే చూసి, "సరేలే, అన్నం తిందురు రాండి" అంది.

తర్వాత తన గుర్తు తానే రాసుకుంది. "కోతలో ఉండాం. పొద్దు మునిగినాక సెయ్యి. అర్జెంటయితే మేస్త్రీకి సెయ్యి." మేమిచ్చిన మిగతా గుర్తులన్నీ ఒకటొకటే చూసి అడిగింది. "పని ఉంటే ఇది, అర్జెంటయితే అది. పనేమీ లేకుండా ఊరికే మాట్లాడాలనిపిస్తే ఏది నొక్కాల?"

అది మా యాప్‌లో లేదు. ఐసీక్యూలో ఉండేది. ఇలాంటి యాప్‌ల కోసం ఎక్స్ఎంపీపీ అని 2004లో స్థిరపడిన ఒక ప్రమాణంలో కూడా నాలుగే నాలుగు గుర్తులుంటే వాటిలో ఒకటి అదే. మన వాళ్ళకు అవసరం లేదని మేమే కొట్టేశాం. రాత్రి గుడిసె బయట కూర్చుని దాన్ని మళ్ళీ చేర్చాం. అమ్మకు మిస్డ్ కాల్స్‌లో నాలుగు అంటే అది అని చెప్పాం. "నాలుగుసార్లు నొక్కేదానికి ఒకసారి నొక్కి మాట్లాడితే పోలేదా" అని నవ్వింది.

ఈ వ్యాసం ఇక్కడిదాకా వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఫోన్ నాలుగుసార్లు మోగి ఆగింది. చేసి వస్తాం.